పొరుగింటి తలుపు



మా అమ్మ పెరుగు తోడునకై పొరుగింటికి పోవుట నాకు చిన్నతనమున వింతగా నుండెడిది. మాకు పాడి కలదు. ఉట్టిమీది పెరుగుకుండ యెన్నడును వట్టిపోలేదు. అయినను వారమున కొకసారియైనను, చీకటిపడిన పిమ్మట, అమ్మ చిన్న గిన్నె చేతబట్టుకొని పొరుగింటి తలుపు తట్టి, "వదినగారూ, కాస్త తోడు పెడతారా?" అని పిలిచెడిది.

కొంత యెదిగిన పిమ్మటగాని దాని మర్మము నాకు తెలియలేదు. ఆ యింటి యజమాని కోపిష్ఠి. ఆయన గొంతు హెచ్చినప్పుడెల్ల, ఆ యిల్లాలి యేడ్పు గోడ దాటి వినవచ్చినప్పుడెల్ల, మా అమ్మకు తోడు కావలసి వచ్చెడిది. తలుపు తట్టగానే లోపల సద్దుమణిగెడిది. ఎత్తిన చేయి దిగెడిది. ఆ యిల్లాలు కన్నులు తుడుచుకొని వచ్చి గిన్నెలో రెండు చెంచాల పెరుగు వేసెడిది. అమ్మ ఆమె పిల్లలను గూర్చి నాలుగు మాటలాడి తిరిగి వచ్చెడిది. అంతకుమించి యేమియు చేసెడిది కాదు.

మా నాయనమ్మకు ఇది నచ్చెడిది కాదు. "వాళ్ళింటి గొడవ మనకెందుకే? ఇంటిగుట్టు లంకకు చేటన్నారు" అని కసరెడిది. "నేను గుట్టడగలేదు అత్తయ్యా, తోడడిగాను" అని అమ్మ బదులు చెప్పెడిది.

పొరుగు దేశముల చెరసాలలలో మ్రగ్గుచున్నవారిని గూర్చి మన పార్లమెంటులో ప్రశ్న యడుగవచ్చునా, కూడదా యను వాదము విన్నప్పుడెల్ల నాకు ఆ గిన్నె జ్ఞప్తికి వచ్చును. మా నాయనమ్మ మాటకే రాజ్యములవారి భాషలో "ఆంతరంగిక వ్యవహారము" అని పేరు.

ఈ విషయము నాకు పుస్తకములవలన తెలిసినది కాదు. 1975 జూన్ 25వ తేదీ రాత్రి మన దేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. మేమప్పుడు కాకినాడలో నుంటిమి. మా నాన్నగారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు, సోషలిస్టు భావములు గలవారు. శ్రావణమాసమున ఒక తెల్లవారుజామున పోలీసులు వచ్చి వారిని తీసికొనిపోయిరి. నేరమేమో చెప్పలేదు. విచారణ లేదు. ఎన్ని నాళ్ళకు విడుతురో తెలియదు. నాకప్పుడు తొమ్మిదేండ్లు.

ఆ మరునాటినుండి మా గుమ్మము త్రొక్కువారు లేకపోయిరి. దగ్గరి బంధువులు సైతము పెండ్లిపిలుపులను తపాలాలో పంపిరి. ఆ పొరుగింటి యిల్లాలు కూడ, పాపము, భర్తకు వెరచి గోడ దగ్గరకు వచ్చుట మానెను. బడిలో నా ప్రక్కను కూర్చుండు పిల్ల వేరొక బల్లకు మారెను. చెరసాలలో నున్నది నాన్నగారు. కాని గోడలు మా చుట్టును లేచెను.

మా వీధి చివరి పెంకుటింట ఒక ముసలమ్మ యుండెడిది. ఆమెను అందరును రంగం అవ్వ యనెడివారు. మన కోస్తావారు రంగూను నగరమును రంగమనుట మీరెరుగుదురు. ఈ తీరపు రేవులనుండి ఓడలెక్కి వరికోతలకు, బియ్యపు మిల్లులకు, రేవు కూలికి మనవారెందరో రంగము పోయిరి. కోరంగి రేవు పేరునుబట్టి బర్మావారు తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి విమానములు రంగూనుపై బాంబులు కురిపించినప్పుడు అవ్వ ఇరువదియైదేండ్ల యిల్లాలు. తరువాతి సంవత్సరమున అరకాను కొండలదారిని నడచివచ్చిన జనసమూహములో ఆమెయు నొకతె. భర్త జ్వరము తగిలి దారిలోనే పోయెను.

ఆ అవ్వ ఒక సాయంకాలము గిన్నె చేతబట్టుకొని మా తలుపు తట్టెను. "అమ్మాయీ, కాస్త తోడు పెట్టు" అనెను. అమ్మ పెరుగు వేయుచు, గిన్నె క్రిందపెట్టి, గోడకానుకొని యేడ్చెను. నాన్నగారు పోయిన పిమ్మట ఆమె యేడ్చుట నేను చూచుట అదియే మొదలు. అవ్వ మరునాడును వచ్చెను. ఆ మరునాడును వచ్చెను. ఆమెకు ధనము లేదు, పలుకుబడి లేదు. ఆమె రాకవలన చెరసాల తాళము తెరచుకొనలేదు. కాని మా యింట మరల మాటలు వినబడసాగెను.

నాన్నగారు 1977లో విడుదలయై వచ్చిరి. వారు చెప్పిన ముచ్చటలలో ఒకటి నా మనసున నిలిచిపోయినది. 1976 జూన్ 10వ తేదీన సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజును కలకత్తాలో నిర్బంధించిరి. ఆయనకు ప్రాణహాని కలుగునేమో యని ఆస్ట్రియా ప్రధాని క్రైస్కీ, స్వీడను ప్రధాని పామే, పశ్చిమ జర్మనీ మాజీ ప్రధాని బ్రాంట్ ఇందిరాగాంధీగారికి విజ్ఞప్తి చేసిరి. అది మన పత్రికలలో రాలేదు. గుసగుసగా గోడలు దాటి నాన్నగారి బారకునకు చేరెను. "ఆ రాత్రి మా బారకులో అందరూ ఒక ముద్ద ఎక్కువ తిన్నారు. మేమిక్కడ ఉన్నామని బయటెవరికో తెలుసు గదా అనుకున్నాము" అని నాన్నగారు చెప్పెడివారు. ఆ ముగ్గురు విదేశీయులకు కాకినాడ యుపాధ్యాయుని పేరు తెలియదు. అయినను ఆయన ఆకలి వారికి తెలిసినట్లే యయ్యెను.

పరదేశపు సభలో మన ఖైదీలను గూర్చి యడుగుట అదియే మొదలు కాదు. 1907లో లాలా లజపతిరాయిగారిని విచారణ లేకయే బర్మాలోని మాండలే కోటకు పంపినప్పుడు, లండనులోని కామన్సు సభలో కొందరు సభ్యులు పదేపదే ప్రశ్నలడిగిరి. ఆరు మాసములకు ఆయనను విడిచిరి. తిలకుగారు 1908 మొదలు 1914 వరకు మాండలే చెరసాలలోనే యుండిరి. సుభాసుచంద్రబోసుగారు 1926లో ఆ మాండలేలో ఖైదీగా నుండియే బంగాళ శాసనసభకు ఎన్నికైరి. మన దేశభక్తులకు చెరసాలగా నుండిన ఆ దేశమున నేడు అచ్చటి బిడ్డలే ఖైదీలు.

బర్మా, అనగా నేటి మయన్మారు, 1962లో సైనికుల చేతిలో పడెను. 1988లో జనము తిరుగబడగా వేలకొలది జనమును కాల్చిచంపిరి. 1990 మే 27వ తేదీన జరిగిన యెన్నికలలో ప్రజాస్వామ్య పక్షమునకు 485 స్థానములలో 392 దక్కెను. ఆ గెలిచినవారిని సభలో కూర్చుండనీయలేదు. పలువురిని చెరసాలకు పంపిరి. కొందరు సరిహద్దులు దాటిరి. ఆ పక్షమునకు నాయకురాలు ఆంగ్ సాన్ సూచీ. ఆమె మనకు పరాయిది కాదు. ఆమె తల్లి 1960లో ఢిల్లీకి బర్మా రాయబారిగా వచ్చెను. కూతురు ఢిల్లీలోని లేడీ శ్రీరాం కళాశాలలో చదివి 1964లో పట్టము పొందెను. 1989 జూలైలో ఆమెను స్వగృహమున నిర్బంధించిరి. 1991లో నోబెలు శాంతి బహుమానము వచ్చినప్పుడు అందుకొనుటకు ఆమె పోలేకపోయెను. ఇంగ్లాండులో భర్త వ్యాధిగ్రస్తుడై యుండగా, ఆయన వచ్చి భార్యను చూచుటకు సైనిక ప్రభుత్వము అనుమతి నీయలేదు. ఆమె వెళ్ళినచో తిరిగి రానీయరు. 1999 మార్చిలో ఆయన ఆమెను చూడకయే కన్నుమూసెను.

ఇట్టి పొరుగింటి తలుపును మనము తట్టితిమా? తట్టితిమి, తట్టలేదు, రెండును నిజమే. 1988 తరువాత ఆకాశవాణి బర్మాభాషా ప్రసారములు ఆ జనమునకు అండయై నిలిచెను. మన తెలుగువాడు పాములపర్తి వేంకట నరసింహారావుగారు ప్రధానిగా నున్న కాలముననే రెండు వింతలు జరిగెను. 1994లో మన ప్రభుత్వము ఆ సైనిక ప్రభుత్వముతో సరిహద్దు వర్తకపు ఒడంబడిక చేసికొనెను. 1995లో మన దేశమే సూచీగారికి జవాహరులాల్ నెహ్రూ బహుమానము నిచ్చెను. ఒక చేత బేరము, ఒక చేత బహుమానము. 2007 సెప్టెంబరులో కాషాయవస్త్రములు ధరించిన బౌద్ధభిక్షువులు రంగూను వీధులలో నడచుచుండగా మన పెట్రోలియము మంత్రి ఆ దేశమునకు వెళ్ళి ఇంధన ఒప్పందములపై సంతకములు జరిపించుచుండెను.

కాని ఆ దినములలోనే ఢిల్లీలో ఒక తలుపు తెరచియుండెను. కృష్ణమీనను మార్గమున 3వ నెంబరు ఇల్లు జార్జి ఫెర్నాండెజుది. 1977లో ఆయన చెరసాలనుండియే ముజఫర్‌పూరు స్థానమునకు పోటీచేసి లోకసభకు గెలిచెను. పార్లమెంటు సభ్యునిగా తనకిచ్చిన ఆ భవనపు ఆవరణమున బర్మానుండి పారిపోయివచ్చిన విద్యార్థులకు ఆయన చోటిచ్చెను. తాను దేశ రక్షణమంత్రి యైన పిమ్మటను వారిని వెళ్ళగొట్టలేదు. ఒకనాడు తన్ను గూర్చి పొరుగువారు అడిగిరి. తాను పొరుగువారిని గూర్చి అడిగెను. ఆయన రాజకీయములలో మనకు నచ్చనివి పెక్కు లుండవచ్చును. ఈ ఒక్క పనికి మాత్రము నేను చేతులు జోడించుదును.

2010 నవంబరులో సూచీగారు విడుదలైరి. 2012 నవంబరులో మన దేశమునకు వచ్చి ఢిల్లీలో నెహ్రూ స్మారకోపన్యాస మొసగుచు, తమ కష్టకాలమున భారతదేశము తమకు దూరమైనందులకు మనసు నొచ్చినదని నిష్ఠూరమాడకయే తెలిపిరి. ఆ పర్యటనలోనే అనంతపురము జిల్లాలోని ఒక పల్లెకు వచ్చి పొదుపు సంఘముల స్త్రీలతో మాటలాడిరి. ఆ ఛాయాచిత్రమును పత్రికలో చూచిననాడు నాకు మా రంగం అవ్వ జ్ఞప్తికి వచ్చెను. రంగమునుండి ఒకతె మన వాకిటికి వచ్చినదని ఆమె బ్రతికియుండిన ఎంత సంతోషించియుండునో!

ఇచ్చట ఒక చేదునిజము చెప్పక తప్పదు. 2017లో ఆ దేశపు సైన్యము రొహింగ్యా మహమ్మదీయుల గ్రామములను తగులబెట్టగా ఏడులక్షలకు పైగా జనము బంగ్లాదేశమునకు పారిపోయిరి. అప్పుడు సూచీగారు ప్రభుత్వమున నుండిరి. 2019 డిసెంబరులో హేగు నగరపు అంతర్జాతీయ న్యాయస్థానమున నిలిచి, తన్ను చెరపట్టిన సైన్యముపక్షముననే ఆమె వాదించిరి. ఆ దినమున నేను మిక్కిలి వగచితిని. "చూచితివా, మనమెవరికొరకు అడిగితిమో!" అని పరిహసించినవారికి నేను మాట చెప్పలేకపోయితిని.

ఇప్పుడు చెప్పగలను. పొరుగింటి యిల్లాలు సుగుణవతియని యెంచి మా అమ్మ తలుపు తట్టలేదు. నిజమునకు ఆమె మాకు చాడీలు చెప్పినది. కష్టకాలమున మమ్ము విడిచినది. అయినను నాన్నగారు తిరిగి వచ్చిన పిమ్మట గోడకవతల మరల గొంతు హెచ్చినప్పుడు అమ్మ గిన్నె తీసికొని బయలుదేరినది. దెబ్బ తినుచున్నవారి గుణగణములను తూచి, అటుపిమ్మట తలుపు తట్టవలయునన్నచో, ఎవరి తలుపును ఎవరును తట్టజాలరు. ఖైదీని గూర్చి యడుగుట ఆ ఖైదీకి పూజ చేయుట కాదు. రొహింగ్యా తల్లిని గూర్చియు అడుగవలయును. సూచీని గూర్చియు అడుగవలయును.

అడుగవలసిన దినము మరల వచ్చెను. 2021 ఫిబ్రవరి 1వ తేదీన, క్రొత్త పార్లమెంటు మొదట సమావేశము కావలసిన నాటి ఉదయముననే, సైనికులు రాజ్యమును చేజిక్కించుకొనిరి. సభకు వచ్చిన సభ్యులను వారి బసలలోనే కావలియందుంచిరి. సూచీగారికి పలు కేసులలో కలిపి 33 ఏండ్ల శిక్ష విధించి, 2023లో కొంత తగ్గించిరి. ఆ సంవత్సరములలో నిర్బంధింపబడిన వారి సంఖ్య ఇరువది వేలకు మించెను. 2022 జూలైలో నలుగురిని ఉరిదీసిరి. వారిలో ప్యో జేయా థా అను నాతడు మాజీ పార్లమెంటు సభ్యుడు. కో జిమ్మీ యని ప్రసిద్ధుడైన మరియొకడు 1988నాటి విద్యార్థి నాయకుడు. జిమ్మీ భార్య నిలార్ తేయిన్. ఆమెయు పలుమార్లు చెరసాల చూచినదే. 2007లో భర్తను నిర్బంధించినప్పుడు ఆమె నెలల పసికందును బంధువులకడ విడిచి అజ్ఞాతమునకు పోవలసివచ్చెను. తరువాత దొరకిపోయి 65 ఏండ్ల శిక్షను పొంది, 2012లో విడుదలయ్యెను. పదియేండ్లకు భర్తను ఉరిదీసిరి. శవములను సైతము కుటుంబములకు అప్పగింపలేదు. చంటిబిడ్డను విడిచిపోవు తల్లి గుండెలోని బాధను మీకు నేను వర్ణింప నక్కరలేదు.

ఆ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన ఐక్యరాజ్యసమితి భద్రతామండలి, ఖైదీలను విడువుమని మయన్మారును కోరుచు తీర్మానించెను. పండ్రెండు దేశములు అనుకూలముగా చేయెత్తెను. రష్యా, చైనా, భారతదేశము తటస్థముగా నుండెను. ఆ నెల మండలికి అధ్యక్షత వహించినది మన దేశమే.

మన ప్రభుత్వమునకు ఇబ్బందులు లేవని నే ననను. ఆ దేశముతో మనకు 1,643 కిలోమీటర్ల సరిహద్దు గలదు. తిరుగుబాటుదారులు అటునిటు దాటుచుందురు. మనము విడిచిన చోట చైనా నిలుచును. మా అమ్మకును అట్టి ఇబ్బందియే యుండెను. మా రెండిండ్లకును నుయ్యి ఒక్కటే. పొరుగాయనతో పోట్లాడినచో మరునాడు నీళ్ళకు ఏమి గతి? కావుననే ఆమె పోట్లాడలేదు, తోడడిగినది. ప్రభుత్వములు నుయ్యి చూచుకొనవలయును. పార్లమెంటు సభ్యుడు గిన్నె పట్టుకొని పోవచ్చును. పార్లమెంటునకును ప్రభుత్వమునకును గల భేద మిదియే.

ఇట్లు చేయుచున్నవారు కలరు. పార్లమెంటుల అంతర్జాతీయ సంఘము 1976లోనే ఒక ఉపసంఘము నేర్పరచి, ఏ దేశమునందైనను చెరపాలైన శాసనసభ్యుల పేరుపేరున విచారించుచున్నది. ఆగ్నేయాసియా దేశముల సభ్యులు కొందరు 2004లో బర్మా విషయమై కూటమిగా నేర్పడిరి. మన మిజోరామునకు చెందినవారు మాటలతో ఆగలేదు. 2021 మార్చిలో, వచ్చువారిని ఆపుడని కేంద్రమునుండి ఉత్తరువు వచ్చినను, చంపబడుచున్నవారు మా రక్తసంబంధులు, వారిని త్రోసివేయజాలమని అచ్చటి ముఖ్యమంత్రి ప్రధానికి లేఖ వ్రాసెను. చర్చీలవారు, గ్రామస్థులు అన్నము పెట్టిరి. ఆవలి చిన్ రాష్ట్రపు ముఖ్యమంత్రియే మిజోరామున తలదాచుకొనెను.

ప్రశ్న యడిగినంతమాత్రమున తలుపులు తెరచుకొనునా యని మీరడుగుదురు. పెక్కుమార్లు తెరచుకొనవు. కాని కావలివానికి ఒక సంగతి తెలియును: లోపలివారిని బయట నెవరో లెక్కించుచున్నారు. లోపలివానికి ఒక ముద్ద ఎక్కువ దిగును. మా నాన్నగారి సాక్ష్యము నాకు చాలును.

చివరగా నా తప్పును చెప్పుకొందును. నే నిప్పుడు పట్టణమున అంతస్తుల మేడలో నున్నాను. కొన్నేండ్ల క్రిందట ఒక రాత్రి పై అంతస్తునుండి ఒక స్త్రీ యేడ్పు వినవచ్చెను. మనకెందుకని నేను టెలివిజను శబ్దము హెచ్చించితిని. మూడవనాడు ఆమె పుట్టినింటివారు వచ్చి ఆమెను చేయి విరిగిన స్థితిలో తీసికొనిపోయిరి. మెట్లమీద ఆమె నావైపు చూచినది. ఆ చూపులో నిష్ఠూరము లేదు. నానుండి ఆమె యేమియు ఆశింపలేదని మాత్రము తెలిసినది. అమ్మ గిన్నె ఆనాడు నా వంటింటిలోనే యున్నది.

ఆ పిమ్మట నేను రెండు నియమములు పెట్టుకొంటిని. గొంతు హెచ్చిన ఇంటి తలుపు తట్టుట మొదటిది. పార్లమెంటు సమావేశములకు ముందు మా నియోజకవర్గపు సభ్యునకు ఒక కార్డు వ్రాయుట రెండవది. లోకసభలో మొదటి గంట ప్రశ్నలకే గదా! పొరుగు దేశమున చెరపాలైన వారిని గూర్చి ఒక ప్రశ్న యడుగుడని వ్రాయుదును. ఇంతవరకు నాలుగు కార్డులు వ్రాసితిని. ప్రత్యుత్తరము రాలేదు. అయిదవది నిన్న తపాలాపెట్టెలో వేసితిని.